జనరల్ నెత్తిన లుంగీ

తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నది తన పాత లుంగీయేనని న్వే యీ తేల్చేసుకుంది. ఎవరెంత చెప్పినా చెవికెక్కించుకోలేదు.

బర్మాలోని మాండలేలో దర్జీపని చేసుకునే మనిషి. తమ్ముడు జేయా దేశాన్నేలే జనరల్ వేషం కట్టి ఫొటోలు దిగేవాడు. ఆ యూనిఫారం ఆవిడే కుట్టింది. సీసామూతల పతకాలు మోకాళ్ళదాకా వేలాడేవి. ఒక ఫొటోలో జనరల్‌గారు కోడిపెట్టలకు సెల్యూట్ కొడుతుంటారు, ఇంకోదాంట్లో ఖాళీ అన్నం గిన్నెల ముందు ప్రసంగం దంచుతుంటారు. ఫోన్లలో అవి చూసి ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది.

ఆఖరి ఫొటోకి జనరల్ నెత్తిన టోపీ బదులు అక్క లుంగీ కావాలన్నాడు.

"నీ మొహం మండా! ఆడదాని లుంగీ తీగ మీద ఆరేస్తే దాని కింద మగాడు నడవనే నడవడు, నువ్వు నెత్తిన పెట్టుకుంటావా? నీ తేజస్సేమైపోవాలి?"

"పోయేది జనరల్‌గారి తేజస్సక్కా, నాది కాదు. ఇయ్యవే తల్లీ!"

నవ్వి ఇచ్చేసింది. ఆ నవ్వే ఇప్పుడావిణ్ణి పీక్కు తింటోంది. ఫొటో బయటికొచ్చిన నాలుగోనాడు తుపాకులవాళ్ళు వాణ్ణి పట్టుకుపోయారు. రెండ్రోజులకు గుండెపోటని కబురంపారు. శవాన్ని కూడా ఇవ్వలేదు, పాపిష్టివాళ్ళు.

ఏడోనాడు భిక్షువులకు భోజనం పెట్టి, ఆ పుణ్యం అందుకోమని తమ్ముణ్ణి పేరుపెట్టి పిలవాల్సినప్పుడు ఆవిడ పిలవలేకపోయింది. ఏ మొహం పెట్టుకుని పిలుస్తుంది?

అప్పుడొచ్చాడు ప్యే సోన్, జేయా ఫొటోలు తీసే స్నేహితుడు. ఇన్నాళ్ళూ దాక్కుని తిరిగాడు. సంచిలోంచి మడతపెట్టిన ఆకుపచ్చ లుంగీ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నీదేనక్కా. వాడు దీన్ని నెత్తిన పెట్టుకోలేదు. అచ్చం ఇలాంటిదే, ఎవరూ కట్టని కొత్త గుడ్డ బజార్లో కొన్నాడు. నేను ఎగతాళి చేస్తే, 'నేను నమ్మన్రా, అక్క నమ్ముతుంది. నాకేమన్నా అయితే అది తన వల్లేనని కుమిలి చస్తుంది' అన్నాడు."

న్వే యీ మడత విప్పి చూసుకుంది. అంచున తను వేసిన మాసిక అలాగే ఉంది. గుండెల మీద బరువు దిగిపోవాలి కదా? దిగలేదు. ఇన్నాళ్ళూ తిట్టుకోడానికి తనైనా ఉంది.

"మరైతే ఎందుకు చచ్చిపోయాడ్రా వాడు?"

"నవ్వించినందుకక్కా."

"అంతేనా? అంతమాత్రానికేనా?" అంటూ ఆవిడ లుంగీలో మొహం దాచుకుని, వారం రోజులుగా రాని ఏడుపు గొల్లుమని ఏడ్చింది. భోజనాలు చేస్తున్నవాళ్ళు చేతులాపి లేచి వచ్చారు.