రోడ్డుకు తూర్పు వైపు

వెర్నీస్ అత్తా నేనూ మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఊదా తొక్క బొబ్బరికాయలు వలుస్తున్నాం. ఇద్దరి బొటనవేళ్లూ ఊదారంగుకు తిరిగాయి. టైము పదీ ఇరవై. నామినేషన్లకు గడువు పన్నెండు వరకే. కౌంటీ ఆఫీసు ముప్పావుగంట దూరం.

నామినేషన్ వేయడానికి నాన్న టై కట్టుకుని నిలబడే ఉన్నాడు. బల్ల మీది ఫోనులో లాయరమ్మ సిమోన్ క్వార్ల్స్ గొంతు వినిపిస్తోంది.

"నియోజకవర్గాల కొత్త మ్యాపు ఆపమని అడిగాం కదండీ, జడ్జిగారు ఆపలేదు. ఎన్నిక దాని ప్రకారమే."

ఆ మ్యాపులో గీత మా రోడ్డు మధ్యగా పోతుంది. తూర్పు వైపు ఇళ్లు మూడో నియోజకవర్గం, పడమటి వైపువి ఐదోది. పదహారేళ్లుగా కౌంటీ పాలక కమిషన్‌లో మూడో నియోజకవర్గం సీటు నాన్నది. నిలబడాలంటే ఆ నియోజకవర్గంలోనే ఇల్లుండాలి. మా ఇల్లు పడమర. ఎదురుగా, తూర్పున, అత్త ఇల్లు. నాన్న ఉన్నాడని మావాళ్లెవరూ నామినేషన్ వేయలేదు. ఆయన పేరు లేకపోతే అవతలి పక్షం గ్రేడీ విట్‌సెట్ పోటీ లేకుండానే గెలుస్తాడు. గీత గీయించింది అతని బావమరిదే.

అయినా నాన్న కంగారుపడలేదు. జేబులోంచి ఓటరు కార్డు తీశాడు.

"పోనీ లేమ్మా. మూడో నియోజకవర్గమని వాళ్లే అచ్చేసి పంపారు. అంత పెద్ద మ్యాపు గీసి నా ఇల్లు మర్చిపోయారు!"

"నీ పొట్ట పట్టక వదిలేసి ఉంటార్రా ఎజెల్," అంది అత్త.

"ఇల్లు పడమర ఉంటే కార్డు మీద మూడెలా వచ్చింది?" అని లాయరమ్మ అడిగింది.

"టపా పెట్టె వల్ల," అన్నాను.

టపా బండి మా రోడ్డుకు తూర్పు అంచునే పోతుంది. అందుకని రెండు వైపుల వాళ్లమూ పెట్టెలు అటే పాతుకున్నాం. ఆఫీసువాళ్లు పెట్టె ఎక్కడుంటే ఇల్లూ అక్కడే అనుకున్నారు.

"మంగళవారం తెల్ల ట్రక్కులో ఒకాయన వచ్చాడు. మన పెట్టెకు ఫొటో తీశాడు. రోడ్డు దాటి వచ్చి వరండాకు కూడా తీశాడు. ట్రక్కు మీద విట్‌సెట్ బొమ్మ ఉంది," అన్నాను.

నాన్న నా వైపు తిరిగాడు. "ఇవాళ శుక్రవారం! ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"ఓట్ల కోసం పెట్టెలకు రంగు వేయిస్తాడేమో అనుకున్నా."

లాయరమ్మ మెల్లగా అంది. "వాళ్లకు తెలుసండీ. పన్నెండు దాకా నోరెత్తరు. దాటగానే ఆ ఫొటోలు పట్టుకొస్తారు. మీ పేరు కొట్టేస్తారు. అప్పుడు ఇంకొకరిని నిలబెట్టడానికి ఉండదు."

"ఇవాళే అక్క ఇంటికి మారిపోతా."

"ఏడాది నుంచీ అక్కడ ఉండాలండీ."

"నేను రానిస్తే కదా," అంది అత్త. "వీడి గురకకు నా కోళ్లు గుడ్లు మానేస్తాయి."

ఎవరూ నవ్వలేదు. పది ముప్పై అయిదు.

"తూర్పు వైపు మనవాళ్లెవరైనా ఉన్నారా? జనం ఎరిగినవాళ్లు?" అంది లాయరమ్మ.

నేను అత్త వైపు చూశాను. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపిన మనిషి అత్త. ఈ చుట్టుపక్కల ఆమె ఎక్కించుకోని పిల్లలు లేరు.

"ఈ బల్ల దగ్గరే," అంది అత్త, కాయ మీంచి చూపు తిప్పకుండా. "పదహారేళ్ల కింద నేను నిలబడతానన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

"ఇప్పుడవన్నీ ఎందుకక్కా?"

"బస్సు నువ్వు నడుపు, కౌంటీ నేను నడుపుతానన్నావు. చర్చిలో అందరికీ చెప్పుకుని నవ్వావు కూడా."

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ దగ్గరికి వెళ్లి రోడ్డు అవతలి టపా పెట్టెను చాలాసేపు చూశాడు. నేను గడియారం చూస్తూ ఉన్నాను. తిరిగివచ్చి, తన కాగితాల్లోంచి రాయని నామినేషన్ ఫారం ఒకటి తీసి అత్త ముందు పెట్టాడు. దాని మీద తన ట్రక్కు తాళాలు పెట్టాడు.

"ప్రచారం బోర్డుల మీద టార్ప్లీ అని ఇంటిపేరొక్కటే వేయించానక్కా. మళ్లీ రాయించక్కర్లేదు."

అత్త పెళ్లి చేసుకోలేదు. ఆమె ఇంటిపేరూ అదే.

ఆమె ఏదో ఒకటి అంటుందని ఇద్దరం ఎదురుచూశాం. జీవితంలో ఎవరికీ చివరి మాట వదలని మనిషి. వలుస్తున్న కాయను పూర్తిగా వలిచి, గింజలు గిన్నెలో వేసింది. ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించింది. ఊదారంగు వేళ్లతోనే ఫారం మడవకుండా పట్టుకుని, తాళాలు తీసుకుంది. నాన్న తలుపు తెరిచి పక్కకు తప్పుకున్నాడు. ఆయన ముఖం వైపైనా చూడకుండా, ఒక్క మాటైనా అనకుండా, అత్త గడప దాటి ట్రక్కు వైపు వెళ్లిపోయింది.