సంప్‌లో ఎర్ర గీత

మా హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెడుతున్నాం. దాని కింది అరలో ఉండే రెండో తొట్టిని సంప్ అంటారు. పై తొట్టిలో నీళ్లు పైపులోంచి అందులోకి దిగి, శుభ్రపడి, మోటారుతో మళ్లీ పైకెళ్తాయి. ఆ సంప్ కొలతలు గీసింది నేనే, అద్దాలు అతికించిందీ నేనే. సగం ఎత్తులో ఎర్ర గీత గీసి, నీళ్లు అంతవరకే పోశాను.

మా ఆయన అన్నయ్య చూసి పెదవి విరిచారు. ఆయన జీవితమంతా మంచినీటి ట్యాంకులు కట్టించిన ఇంజనీరు.

"సగం ఖాళీగా వదిలేశావేంటమ్మా? ఇంత చోటు దండగ. నన్నడిగితే పోయేదిగా?"

"కరెంటు పోతే మోటారు ఆగుతుంది బావగారూ. పైనున్న నీళ్లు కొన్ని కిందికి దిగుతాయి. ఆ ఖాళీ వాటికోసం."

"నువ్వు నాకు చెప్తున్నావా!" అని నవ్వారు.

నేను బజారుకెళ్లొచ్చేసరికి బకెట్లతో పోసి సంప్‌ని అంచుదాకా నింపేశారు. పక్కనే కుర్చీలో దర్జాగా కూర్చున్నారు.

"పోనీలే, పెద్దాయన," అని గొణిగాడు మా ఆయన.

ఎందుకు పోనివ్వాలి? చేపలింకా వేయలేదు, తడిస్తే నేలే తడుస్తుంది. వెళ్లి, తిరుగుతున్న మోటారు ప్లగ్గు పీకేశాను.

నిమిషం తిరక్కుండానే సంప్ పొర్లింది. బావగారి మేజోళ్లు తడిసిపోయాయి. కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కుని, "ఆపమ్మా, ఆపు!" అని అరిచారు.

"ఎక్కడ ఆపమంటారు బావగారూ? ఆ చోటు దండగన్నారుగా!" అని నేల తుడిచే గుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.