రెండో సాక్ష్యం

పాలు విరగలేదని భార్య చెప్పాక కూడా అతను గిన్నె మీద మూత తీసి వాసన చూశాడు. ఆమె స్టవ్ ముందు నుంచి తప్పుకుని చోటిచ్చింది. ఒకప్పుడైతే, నా ముక్కు మీద కూడా నమ్మకం లేదా అని దెబ్బలాడేది. ఈమధ్య ఏమీ అనడం లేదు. ఆ అనకపోవడమే అతనికి మింగుడుపడటం లేదు.

"ఇవాళ అక్కయ్య దగ్గరికి వెళ్తున్నాను," అంది.

"ఉన్నట్టుండి ఏమిటి?"

"ఉన్నట్టుండి కాదు లెండి."

కళ్లజోడు ముక్కు మీదికి దించి, ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాడు. కళ్లు ఎర్రగా లేవు. గొంతు వణకలేదు. పట్టుకోవడానికేమీ దొరకలేదు.

ఆఫీసులో అతనికి 'ఎందుకైనా మంచిది గారు' అని పేరు. ఉపగ్రహం పంపే ఎక్స్-రే లెక్కలను జల్లెడ పట్టడం అతని పని. వాళ్లు చూసే జంటలో ఒకటి నక్షత్రం, రెండోది కృష్ణబిలం. కృష్ణబిలం కనబడదు. పక్క నక్షత్రం నుంచి అది లాక్కునే వాయువు సుడి తిరుగుతూ, కాగిపోతూ వెలువరించే ఎక్స్-రేలే దాని జాడ. ఆ వెలుగు మారితే, నిజంగా అక్కడ మారిందా, లేక పరికరానికే జబ్బు చేసిందా అని ముందు అనుమానించాలి. ఒక పరికరం చెబితే చాలదు, రెండోదీ చెప్పాలి. మెడ తెర వైపు వంగిపోయి, జుట్టు నెరిసేదాకా ఇదే పని చేసిన మనిషి ఆ పద్ధతిని ఇంటికీ తెచ్చుకున్నాడు. దర్జీ దగ్గరికి వెళ్లొచ్చానని భార్య అంటే, దర్జీని మాటల్లో పెట్టి కనుక్కునేవాడు.

ఆ పూట కొత్తగా చేరిన పరిశోధకురాలు గ్రాఫు గీతలున్న కాగితం పట్టుకుని వచ్చింది.

"ఎక్కువ శక్తి ఉన్న కిరణాలు పడిపోయాయండీ, తక్కువ శక్తివి పెరిగాయి. జంట స్థితి మారుతోంది. ఇప్పుడే కబురు పంపితే మిగతా టెలిస్కోపులు ఇటు తిరుగుతాయి."

"రెండో పరికరం లెక్క రానీ అమ్మా."

"మధ్యాహ్నం దాటుతుందండీ."

"దాటనీ. ఎందుకైనా మంచిది."

వెనక కుర్చీలోని ఆసామి నవ్వాడు. "తెల్లారిందన్నా ఆయన రెండో కిటికీ తీసి చూస్తారమ్మా."

అతను నవ్వలేదు. పొద్దుటి మాట లోపల తొలుస్తోంది. వరండాలోకి వెళ్లి వదినగారికి ఫోన్ చేశాడు.

"మా ఆవిడ మీ ఇంటికి వస్తానందా వదినా?"

"అంది. గది సర్దుతున్నాను."

"ఊరికే అడిగానులెండి."

"మీరు ఊరికే అడగరు మరిదిగారూ," అని ఆవిడ పెట్టేసింది.

అతని మనసు కుదుటపడింది. ఇద్దరిదీ ఒకటే మాట.

మధ్యాహ్నం దాటాక రెండో లెక్క వచ్చింది. అదీ అదే చెప్పింది. కబురు పంపడానికి అతను ఒప్పుకున్నాడు.

"ఇది ఉన్నట్టుండి వచ్చిన మార్పు కాదండీ," అంది పరిశోధకురాలు. "వెనక్కి వెళ్లి చూడండి. కొన్ని వారాలుగా మెల్లగా మారుతూనే ఉంది. పరికరం దోషమని మనమే తీసేశాం."

అతను పాత గీతలు తెరిచాడు. చిన్నచిన్న వంపులు. ఒక్కొక్కదాని మీదా అతను పెట్టిన కొట్టివేత గుర్తు. అతని చెయ్యి ఆగిపోయింది. భార్య ఎప్పుడు తిరిగొస్తుందో పొద్దున ఆమెనూ అడగలేదు, వదిననూ అడగలేదు.

భార్యకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మెట్ల మీద చేశాడు, బస్సులో చేశాడు. కండక్టరు టికెట్ అడిగితే వినిపించుకోలేదు.

ఎండ ఇంకా ఉండగానే ఇల్లు చేరాడు. తాళం తీసి మళ్లీ చేశాడు. పడకగదిలో మోగింది. బీరువా తలుపు లాగాడు. ఆమె అర మొత్తం ఖాళీగా ఉంది. చెక్క మీద ఫోను దానంతటదే కదులుతూ మోగుతోంది.

మరిచిపోయి ఉంటుందనుకున్నాడు. ఫోను పక్కనే ఛార్జరు, తీగను వరసగా చుట్టి, విడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది.