పదును భుజాల గుండ్లు

కరిగిన సీసంలో అర్లెన్ బ్రూగెమన్ కొవ్వొత్తి ముక్క వేశాడు. పొగ లేచింది, చిన్న మంట అంటుకుని ఆరిపోయింది. చెక్క పుల్లతో కలిపి, పైకి తేలిన మడ్డిని గరిటెతో తీసి పాత కాఫీ డబ్బాలోకి దులిపాడు. అడుగున సీసం అద్దంలా నిలిచింది.

మార్చి చలి కోస్తున్నా షెడ్డు తలుపూ కిటికీ బార్లా తెరిచే ఉన్నాయి. ఇక్కడ కాఫీ తాగకూడదు, ఇక్కడి బూట్లతో ఇంట్లో అడుగు పెట్టకూడదు. సీసం విషమని భార్య వెర్నా పెట్టిన నియమాలు ఈ రెండూ. పెళ్ళయిన కొత్తలో పెట్టింది, అతను ఒక్కసారి కూడా తప్పలేదు.

పొట్టి మనిషి. మెడ కురచ. ముంజేతుల మీద సీసం చింది కాలిన తెల్లటి మచ్చలు. పని చేసినన్నాళ్ళూ హైవే పక్క టైర్ల షాపులోనే చేశాడు. చక్రాన్ని తిప్పి చూసి, అది ఎటు ఊగుతోందో కనిపెట్టి, అంచుకి చిన్న సీసపు బిళ్ళ కొట్టేవాడు. ఊళ్ళో కార్లు వణక్కుండా పరుగెత్తేవి. అందుకు ఎవరూ అతన్ని తలుచుకోలేదు, తలుచుకోవాలని అతనూ అనుకోలేదు. ఊడదీసిన పాత బిళ్ళల్ని బకెట్లో ఇంటికి తెచ్చుకునేవాడు. అవే కరిగించి, మా క్లబ్బులో గురి పోటీలకు పోయేవాళ్ళకి గుండ్లు పోసి ఇచ్చేవాడు.

అరలో మూడు అచ్చులు ఉంటాయి. ఒకటి గుండ్రటి ముక్కుది. పిస్టల్ తనంతట తాను తూటా ఎక్కించుకునేటప్పుడు, తూటా కొసన ఉండే ఈ గుండు ఎక్కడా తగలకుండా జారిపోతుంది. కాగితం మీద మాత్రం చిరుగు పడుతుంది. రెండోది మొన తెగ్గోసినట్టుండేది, మధ్యరకం. మూడోదానికి నడుం పైన పదునైన భుజం, అంటే చుట్టూ ఒక అంచు, ఉంటుంది. అది కాగితాన్ని చిల్లులు వేసే పంచ్‌తో తీసినట్టు గుండ్రంగా కోస్తుంది. గురి కాగితం మీది గీతను తాకిందా లేదా అన్న తగాదా ఉండదు. కానీ ఆ భుజం ప్రతి పిస్టల్‌కీ సరిపడదు.

ఇవాళ అతను గుండ్రటి ముక్కు అచ్చు పట్టుకున్నాడు. మూడో అచ్చు నూనెగుడ్డలో చుట్టి రంగు డబ్బాల వెనక పడేసి ఉంది.

అచ్చులో సీసం పోశాడు. గట్టిపడ్డాక చెక్క సుత్తితో పై పలక తట్టి, తెరిచి, మడత పెట్టిన తువ్వాలు మీద రాల్చాడు. ముడతలు పడ్డవాటిని ఏరి మళ్ళీ కుండలో వేశాడు. సీసంతో ఉన్న సుఖం అదే.

స్కూలు బస్సు నడిపే ట్వైలా పొద్దుటి ట్రిప్పు ముగించుకుని షెడ్డు గుమ్మం దగ్గర ఆగింది. క్లబ్బులో ఈ మధ్యనే చేరింది. తనకి ఏ రకం మంచిదని అడిగింది. తువ్వాలు మీది గుండ్రటి గుండ్లే ఒక డబ్బాలో పోసి ఇచ్చాడు.

"ఏం పెద్దాయనా, పోయిన నెల భుజం గుండ్ల గురించి గంటసేపు పాఠం చెప్పావు. బస్సులో పిల్లలకి కూడా అంత ఓపిగ్గా ఎవరూ చెప్పరు. ఇప్పుడు మాటాపలుకూ లేకుండా ఇవి పోశావేంటి?"

"ఇవి ఎందులోనైనా పడతాయమ్మా. ముందు ఒకటి ఖాళీ తూటాకి బిగించి, నీ పిస్టల్ గొట్టం ఊడదీసి అందులో వేసి చూసుకో. టక్కుమని పడాలి, వేలితో తిప్పితే తిరగాలి."

ఆమె నవ్వింది. వెళ్ళబోతూ, మైలో తన పిస్టల్ అమ్మేస్తున్నాడనీ, సాయంత్రం బస్సు పెట్టేసి వెళ్ళి తెచ్చుకుంటాననీ చెప్పింది. చెయ్యి పట్టు తప్పాక ఇంకెందుకు అన్నాడట.

అర్లెన్ కుండ కింద మంట ఆపేశాడు.

మైలో స్టూర్, అతనూ ఒకే వేసవిలో, ఒకే దుకాణంలో, ఒకే రకం పిస్టళ్ళు కొన్నారు. అర్లెన్ తనది ఏళ్ళ తరబడి కాల్చాడు. మైలో పొలం పనుల్లో పడి తనది ఎక్కువగా పెట్టెలోనే ఉంచాడు. పోయిన ఏడాది పక్షవాతం తగిలి మైలో కుడిచెయ్యి వణకడం మొదలైంది. అయినా పట్టుబట్టి ఈ శీతాకాలమంతా సాధన చేశాడు. మొన్న శనివారం పోటీకి తనే తూటాలు చేసిస్తానన్నాడు అర్లెన్. కొత్తగా కొన్న భుజం అచ్చుతో చేశాడు. ఎవరికి చేసినా ముందు మందు లేని ఖాళీ తూటా ఒకటి పంపి, వాళ్ళ గొట్టంలో వేసి చూడమనేవాడు. ఇది మా క్లబ్బుకి అతనే నేర్పిన పద్ధతి. మైలోకి మాత్రం పంపలేదు. ఇద్దరివీ ఒకటేగా అని తన గొట్టంలోనే వేసి చూసుకున్నాడు. అరిగి అరిగి నోరు వెడల్పైన గొట్టం అది. టక్కుమని పడింది.

పోటీలో మైలో పిస్టల్ మళ్ళీ మళ్ళీ ఇరుక్కుంది. మణికట్టు వదులైతే పిస్టల్ సరిగా వెనక్కి తన్నదు, తూటా ఇరుక్కుంటుంది. అది అందరికీ తెలిసిందే. "కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు" అని ఎవరో అన్నారు. నవ్వారు. అర్లెన్ వంగి, కింద పడ్డ తూటా తీసి చూశాడు. సీసపు భుజం చుట్టూ మెరిసే గీతలు. మైలో గొట్టం అరగలేదు, దాని లోపలి అంచు ఆ భుజాన్ని ఒరుసుకుంది. చెయ్యి కాదు, గుండు.

అతను దాన్ని కోటు జేబులో వేసుకున్నాడు. తర్వాత అందరూ తనవైపే చూస్తుంటే, "అవును, పట్టు తప్పింది" అన్నాడు.

మర్నాడు ఆదివారం చర్చిలో అందరితో కలిసి తప్పుల ఒప్పుకోలు చదివాడు. వందమంది గొంతుల్లో ఒక గొంతు ఎంత తేలిగ్గా కలిసిపోతుందో. మనందరి కోసం ఏర్పాటైన ఆ ప్రార్థన ఒక్కొక్కరికీ దాక్కునే చోటు కూడా అవుతుందేమో. దేవుడికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా?

మంట ఆపి షెడ్డులోంచి వచ్చి, ఇంట్లో కుళాయి కింద మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. వెర్నా మైలో కోసం గిన్నెలో చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర, పైన గుడ్డలో చుట్టిన దాల్చినచెక్క రొట్టెలు ఇచ్చింది. అతని ముఖం చూసి ఇంకో రెండు రొట్టెలు గుడ్డలో పెట్టింది.

మైలో వంటగదిలో బల్ల మీద పిస్టల్ విప్పి, తుడిచి, భాగాలన్నీ పాత దినపత్రిక మీద పరిచి ఉన్నాయి. భార్య పోయినప్పటి నుంచి ఆ బల్లకి ఒక్క కుర్చీయే ఉంటుంది. మైలో గోడవారనున్న స్టూలు లాగి కూచుని, కుర్చీ స్నేహితుడికి వదిలేశాడు.

 తినేదాకా అర్లెన్ వానల గురించీ, మొక్కజొన్న విత్తనం గురించీ మాట్లాడాడు. చెంచా మైలో చేతిలో గిన్నె అంచుకి టకటక కొట్టుకుంటోంది. చివరికి జేబులోంచి ఆ గుండు తీసి దినపత్రిక మీద పెట్టాడు. ఆ రోజే తూటా విప్పి, మందు పారబోసి, సీసం ఒక్కటే ఉంచుకున్నాడు. గీతలు అలాగే ఉన్నాయి.

"నీ చెయ్యి కాదురా. నేను చేసింది నీ గొట్టంలో పట్టలేదు. ఆ రోజే చూశాను."

మైలో దాన్ని ముట్టుకోలేదు.

"నాకు ముందే తెలుసురా. శుక్రవారం ఒకటి వేసి చూశాను, దిగలేదు. అది నువ్వు నేర్పిందేగా."

"మరెందుకు కాల్చావు?"

"రాత్రుళ్ళు కూచుని చేశావు. కొత్త అచ్చని మురిసిపోయావు. బాగా లేవని ఎట్లా అనేది? కొన్నైనా దిగుతాయిలే అనుకున్నా." గిన్నె పక్కకి జరిపాడు. "నువ్వు కింద పడ్డది తీసి చూడటం కూడా చూశాను. చెబుతావని నీవైపే చూస్తూ నిలబడ్డా."

అర్లెన్ చేతులు బల్ల మీద నుంచి ఒళ్ళోకి జారాయి. శనివారం తనవైపు చూసినవాళ్ళలో ఆ రెండు కళ్ళూ ఉన్నాయని అప్పటిదాకా తట్టలేదు.

మళ్ళీ జేబులో చెయ్యి పెట్టి, పొద్దున చేసి తెచ్చిన ఖాళీ తూటా ఇచ్చాడు. గుండ్రటి ముక్కుది. మైలో ఎడమచేత్తో గొట్టం నిలబెట్టి, వణికే కుడిచేత్తో దాన్ని వదిలాడు. టక్. వేలితో తిప్పితే తిరిగింది. ముసలాయన ముఖంలోకి చిన్నపిల్లాడి వెలుగు వచ్చింది.

"ట్వైలాకి ఫోన్ చేస్తా, ఇప్పుడే ఇవ్వనని. శనివారం నువ్వు క్లబ్బువాళ్ళకీ చెప్పాలి మరి. నాకు చెప్పడం సులువేరా."

"చెబుతా." అర్లెన్ ఆ గీతలు పడ్డ గుండుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

శనివారం దాకా మైలో లేడు. గురువారం మధ్యాహ్నం ఆ స్టూలు మీదే, గోడకి తల ఆనించి నిద్రపోయినట్టు పోయాడు. పాలు పోయమని పిల్లి గోల చేస్తుంటే పక్కింటావిడ వచ్చి చూసింది.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక చర్చి నేలమాళిగలో భోజనాలు. హ్యామ్ రొట్టెలు, బంగాళాదుంపల కూర, కాఫీ. క్లబ్బువాళ్ళంతా ఒకే బల్లకి చేరారు. మంచి గురిగాడని, ఆఖర్న పాపం చెయ్యి మోసం చేసిందని అనుకుంటున్నారు. అర్లెన్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ నలుగురిలో నిలబడి మాట్లాడని మనిషి. చెవులు ఎర్రబడ్డాయి.

"చెయ్యి కాదు. నా గుండ్లు. ఆ రోజు తెలిసి కూడా అబద్ధం చెప్పాను." ఆ గుండుని జేబులోంచి తీసి బల్లగుడ్డ మీద పెట్టాడు.

కాఫీ కప్పులు బల్ల మీదికి దిగాయి. తర్వాత క్లబ్బు పెద్ద లేచి అతని భుజం తట్టాడు. "స్నేహితుడి పరువు కోసం ఇంత మాట నీమీద వేసుకున్నావు. నీలాంటి మనసు ఎవరికుంటుంది?" కొందరు తలలు ఊపారు. ఒకరిద్దరి కళ్ళు చెమర్చాయి. కాదని, నిజమని, చూడండని అర్లెన్ అంటూనే ఉన్నాడు. అన్నకొద్దీ వాళ్ళ చూపుల్లో అతని మీద గౌరవం పెరుగుతూ పోయింది. ట్వైలా ఒక్కతే తల ఊపకుండా, అతని ముఖంలోకే చూస్తూ కూచుంది. చివరికి అతను కోటు తీసుకుని, వెర్నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు.

ఆడవాళ్ళు కప్పులు ఎత్తారు, పళ్ళేలు ఎత్తారు. తెల్లటి బల్లగుడ్డ మీద, కాఫీ మరక పక్కన, భుజం చుట్టూ గీతలు మెరుస్తూ సీసపు గుండు ఒక్కటి మిగిలింది.