నాలుగు రోజులు దాటిన నీళ్ళు

చివరి అంకెల చక్రాన్ని బొటనవేలితో ఒక మెట్టు ముందుకు తిప్పి, అట్టముక్క మీద ఓసారి అచ్చువేసి చూసుకున్నాడాయన. పై వరుసలో ఈరోజు తేదీ, కింది వరుసలో రెండేళ్ళ తరవాత ఇదే తేదీ. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, అట్టముక్కను ముక్కు దాకా తెచ్చుకుని రెండు వరుసలూ పైకి చదివాడు. ఆ తరవాతే సీసాల బెల్టు కదలాలి. ఈ నీళ్ళ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. అందరూ ఆయన్ని తేదీ బాబాయి అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా లేదు.

సన్నటి మనిషి. యంత్రం మీదికి వంగీ వంగీ ఎడమ భుజం కాస్త దిగిపోయింది. కుడి బొటనవేలి గోరు కింద సిరా ఇంకిపోయి ఏ సబ్బుకూ లొంగదు.

చేరిన కొత్తలో ల్యాబులో పనిచేసే పెద్దావిడని ఉండబట్టలేక అడిగాడు, నీళ్ళెలా పాడవుతాయని.

"నీళ్ళకేమవుతుందయ్యా. పాతబడేది సీసా. ఎండలో పెడితే మరీ తొందరగా పాడై, ఆ వాసన నీళ్ళకెక్కుతుంది. ఇంకోటి, ఎక్కడైనా తప్పు జరిగితే అది ఏ రోజు సరుకో మనకి తెలియాలి కదా. తేదీ అందుకే" అందావిడ.

ఆ మాట ఆయన మనసులో నాటుకుపోయింది. అందుకే తను వేసే తేదీ అంటే ఆయనకు గౌరవమే గాని భయం లేదు.

పదకొండేళ్ళ కిందట ఒక్కసారి తప్పు చేశాడు. భార్య పోయిన నాలుగోనాడు పనిలోకొచ్చి, కిందివరుసలోనూ ఆ రోజు తేదీయే పెట్టేశాడు. ఆ పూట సీసాలన్నిటికీ పుట్టినరోజూ పోయేరోజూ ఒకటే అయ్యాయి. ఎవరూ పెద్దగా తిట్టలేదు. పారబోయమన్నారు, పారబోశాడు. ఒక్క సీసా మాత్రం ఫ్యాక్టరీలోని తన అలమరలో అడుగున, చీకట్లో దాచుకున్నాడు.

పది గంటలకు సూపర్‌వైజరు వచ్చాడు. బాబాయికన్నా పాతికేళ్ళు చిన్నవాడు.

"బాబాయ్, లోపలి గోడౌన్‌లో వంద పెట్టెలకి తేదీ దాటి నాలుగు రోజులైంది. మీరూ మూతలావిడా కూర్చుని పారబోసేయండి. ఖాళీ సీసాలు సాయంత్రానికి తుక్కులారీకెక్కాలి."

"చల్లటి గోడౌన్‌లో ఉన్నవే కదండీ. బాగానే ఉంటాయి."

"తేదీ వేసింది మీరే. మళ్ళీ నన్నడుగుతారేంటి?"

బాబాయి కదిలాడు. గోడౌన్‌కి వెళ్ళే దారిలో పెరడు. అక్కడ గోడవారన మూడు వారాలుగా నడినెత్తి ఎండలో మగ్గుతున్నాయి ఇంకో రెండొందల పెట్టెలు. పైన కనీసం పట్టా అయినా లేదు. చెయ్యి వేస్తే సీసా వేడిగా తగిలింది. నీడలో పెట్టించండని రెండుసార్లు చెప్పాడు, ఎవరూ చెవిన పెట్టలేదు. వాటికింకా ఏడాదిన్నర గడువుంది కాబట్టి రేపు దర్జాగా దుకాణాలకు వెళతాయి. గోడౌన్‌లో చల్లగా ఉన్నవాటినేమో కాలవలో కలపాలి. ఆయనకు ఒళ్ళు మండింది. అయినా చెప్పిన మాట జవదాటే రకం కాదు. వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

బెల్టు దగ్గర మూతలు బిగించే మూతలావిడ ఇక్కడ మూతలు విప్పడం, ఆయన సీసా బోర్లించడం. ప్రతి సీసా మెడ మీదా రెండేళ్ళ కిందట తను వేసిన అచ్చే. నీళ్ళు గడగడమని కారి, గోడ కింది కన్నంలోంచి అవతలి వీధి కాలవలోకి పోతున్నాయి. మధ్యాహ్నానికి నలభై పెట్టెలు ఖాళీ అయ్యాయి. పాంటు మోకాళ్ళ దాకా తడిసింది.

బాబాయి అక్క అన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. ఇద్దరూ ఉండేది ఆ వెనక వీధిలోనే. అక్కడ కుళాయి రెండ్రోజులకోసారి గంటసేపు వస్తుంది.

"ఒరేయ్, మీవాళ్ళు మురుక్కాలవలోకి మంచినీళ్ళు వదిలారా? మన వీధిలో ఆడవాళ్ళు చెంబులతో పైపైన తేర్చి ముంచుకుంటున్నారు. నేనూ ఒక బిందె పట్టాను. వడగట్టి కాస్తే పనికొస్తాయంటావా?"

బాబాయి డబ్బా అందుకోలేదు.

"పారబొయ్యక్కా. ఆ బిందె తోముకుని రా. అందర్నీ బిందెలు తెమ్మను" అన్నాడు.

నేరుగా సూపర్‌వైజరు గదికి వెళ్ళి, తేదీ దాటిన సీసా ఒకటి అతని ఎదుటే మూత తీసి సగం తాగాడు.

"నీళ్ళు బాగున్నాయండీ. గేటు దగ్గర పంచేద్దాం."

"ఎవరికైనా కడుపునొప్పొస్తే? కంపెనీ పేరేం కావాలి?"

"ఎండలో కాగినవి అమ్మితే పోని పేరు, వీటితో పోతుందా?"

సూపర్‌వైజరు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. "అవి తేదీలో ఉన్నాయి బాబాయ్" అన్నాడు.

ఇరవై రెండేళ్ళు తను ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేసిన అచ్చును వీళ్ళు కళ్ళకు గంతల్లా కట్టుకున్నారు. అంతకన్నా అవమానం ఆయనకు ఇంకోటి జరగలేదు.

మిగిలిన పెట్టెలను బండి మీద గేటు దగ్గరికి తోశాడు. మూతలావిడ అడక్కుండానే వెనక చెయ్యేసింది. కాపలా మనిషి బండినీ, బయట బిందెల వరుసనీ చూసి, "నేను టీ తాగొస్తా బాబాయ్, కాస్త ఆలస్యమవుద్ది" అని తాళం తీసి వెళ్ళిపోయాడు.

"ఒక్కొక్కరే రండమ్మా. సీసాలివ్వను, నీళ్ళు పోస్తా" అన్నాడు బాబాయి.

బిందె తరవాత బిందె. అక్క వరుసలో ముందుకు తోసుకురాబోతే, "నీ వంతొచ్చినప్పుడే" అని కసిరాడు. నాలుగయ్యేసరికి ఆఖరి సీసా కూడా ఖాళీ అయింది. ఖాళీ సీసాలు ఒక్కటీ తగ్గకుండా తుక్కులారీకెక్కాయి.

సూపర్‌వైజరు తన గదిలోంచి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర తడి మాత్రమే మిగిలింది.

"పారబొయ్యమన్నాను కదా."

"పోశానండీ. ఎక్కడ పొయ్యాలో మీరు చెప్పలేదు."

"పై వాళ్ళకి నేనే జవాబు చెప్పుకోవాలి బాబాయ్. రేపట్నించి రాకండి."

బాబాయి తలూపాడు. యంత్రం దగ్గరికెళ్ళి, అంకెల చక్రాలను పాతగుడ్డతో తుడిచాడు. వాటిని రేపటికి తిప్పలేదు. అలమర ఖాళీ చేసి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గేటు అవతల అక్క మధ్యాహ్నపు అన్నం డబ్బా పట్టుకునే నిలబడి ఉంది. ఇద్దరూ వీధిలోకి తిరిగారు.

మర్నాడు బెల్టు ఆలస్యంగా కదిలింది. యంత్రం పక్కన, అచ్చు సరిచూసుకునే అట్టముక్క మీద, పాతసీసా ఒకటి నిలబెట్టి ఉంది. రెండు వరుసల్లోనూ ఒకే తేదీ. పదకొండేళ్ళకు మూత వెలిసింది, నడుం కాస్త లోపలికి నొక్కుకుపోయింది. నీళ్ళు మాత్రం వెనక గోడ మీది సన్నటి పగులు కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి.