ఏ పచ్చ?

జనార్ధన్ మేడ్చల్ ఆఫీసు నుంచి ఫోన్ జేసి, "చాచీ, కొత్త నక్షాల మీ భూమి పచ్చల పడ్డది" అని గింతే జెప్పి పెట్టేసిండు. ఆయన గట్లనే, మాట సగం నోట్లె, సగం గాలిలె. ఒకప్పుడు రావల్కోల్ సర్పంచి, ఇప్పుడు ప్లాట్ల యాపారి. పరుగు తప్ప నడక తెల్వని మనిషి.

అజ్మతున్నీసాకు ఆ ఒక్క మాటే సాలు, పాణం లేసొచ్చింది. ఊర్లె ఎవల నోట జూసినా ఆ నక్షా ముచ్చటే. రాబోయే పాతికేండ్లల్ల యాడ ఇండ్లు గట్టాలె, యాడ రోడ్డు పోవాలె, యాడ పంట పండాలె అని సర్కారోళ్లు ఊర్ల పటానికి రంగులేస్తున్నరట. పచ్చ అంటె ఏంది? పొలం. పొలం ఇగ పొలంగనే ఉంటది. చుట్టూ అందరి చేన్లల్ల ప్లాట్ల రాళ్లు నాటుకుంట నాటుకుంట వచ్చి ఆమె పాలకూర మడి కాడ ఆగినయి. ఇగ ఒక్క అడుగు ముందుకు రావు. అల్లా మెహర్బానీ అనుకుంట లేత సొరకాయ తెంపుకొచ్చి ఖీర్ వండింది.

పెనిమిటి అల్లావుద్దీన్ కూడ వార్త ఇని మస్తు ఖుషీ అయిండు. ఖీర్ ఒక గిన్నె తాగి ఇంకో గిన్నె అడిగిండు. "ఎన్నాళ్లకు మనకు మంచి దినాలొచ్చినయే!" అన్నడు. ఆమె ఆయన మొకం దిక్కే జూసింది. భూమి అమ్ముదం, అమ్ముదం అని మొన్నటిదాకా లొల్లి వెట్టింది ఈయనేనా? మనసు మారిందనుకున్నది, పాపం.

ఇంతల పక్క చేను ఇందిరమ్మ వచ్చింది. సావు జరిగిన ఇంటికి వచ్చినట్టు కొంగు నోటికడ్డం వెట్టుకొని గడప కాడ కూసున్నది. ఖీర్ ఇస్తె ముట్టలే.

"నీకు ముద్దెట్ల దిగుతాంది అజ్మతక్కా? మనిద్దరి భూములు పాయె!"

"పోవుడేంది? పచ్చల పడ్డది గద!"

"అయ్యో, ఆకుపచ్చ అక్కా! ఆకుపచ్చ!"

అల్లావుద్దీన్ గిన్నె కింద పెట్టిండు. "ఆకుపచ్చనా? పసుపుపచ్చ గాదా?" అన్నడు.

పసుపుపచ్చ అంటె ఇండ్ల జాగ. గజాల లెక్కన అమ్ముకోవచ్చు. ఆకుపచ్చ అంటె సాగు తప్ప ఇంకోటి జెయ్యొద్దు, కొనేటోడు కూడ రాడు. ఒక్క మాటను ఆలుమగలు చెరో సగం పంచుకొని, ఎవలకు కావాల్సింది వాళ్లు ఇన్నరు. ఆ దినం నుంచి ఇంట్ల మాటలు బందైనయి. ఉప్పు కావాలన్నా గోడకు జెప్పుడే.

నక్షా మీద జనం ఏమంటరో ఇనేటందుకు మేడ్చల్‌ల ఒక ఫంక్షన్ హాల్ల మీటింగు పెట్టిండ్రు. శామీర్‌పేట దిక్కోళ్లు, ముందు మోరీలు గట్టుండ్రి, చెరువుకు మురికి రానియ్యకుండ్రి అన్నరు. కుత్బుల్లాపూర్ నుంచి వచ్చిన కార్మికులు, షిఫ్టు దిగే యాళ్లకు బస్సు కావాలన్నరు. జనార్ధన్ లేసి అన్నిటికన్న ముందు వంద ఫీట్ల రోడ్డు అన్నడు. ఎవల బాధ వాళ్లకు మొదటిది, ఎవలను కాదంటం?

ఆఫీసరమ్మ చిన్న పిల్లనే, అయినా ఓపికగ ఇనుకుంట రాసుకుంటాంది. "అన్ని ఊర్లను పసుపు జేస్తె రేపు ఇంతమందికి కూరగాయలు ఎక్కడ్నుంచి వస్తయి? అందుకే మీ దిక్కు ఆకుపచ్చ వేసినం" అన్నది. అజ్మతున్నీసాకు ఆ పిల్ల నోట్లె శక్కెర పోయాలనిపించింది. పెనిమిటి మాట్లాడి కూసున్నంక తను లేసి, మా మడిని గట్లనే ఉంచు బిడ్డా అని గట్టిగ జెప్పాలె. బస్సుల వచ్చినంతసేపు ఆ మాటలే మనసుల తిప్పుకున్నది.

అల్లావుద్దీన్ వంతు వచ్చింది. ముందు కుర్చీ పట్టుకొని లేసిండు. ఇగ పక్కూర్ల ధరలు జెప్తడు అనుకున్నది ఆమె.

"పైసల ముచ్చట గాదు మేడం. నాకు చేతనైతలేదు. మోకాళ్లు పాయె. తెల్లారకముందే కూరల మూట నెత్తిన వెట్టుకొని బస్సు కాడికి పోవాలె. తొవ్వల రెండు మార్లు పడ్డ. ఇంట్ల జెప్పలే."

"ఎందుకు చెప్పలేదు పెద్దాయనా?"

"జెప్తే ఆమె ఎత్తుకుంటది. మా ఫైజల్‌కు, చిన్న పోరనికి కంపెనీల డ్యూటీలు. నన్ను గూసోబెట్టి ఆ మూట తనే ఎత్తుకుంటది. ఆమె సంగతి నాకు తెల్సు. మడి ఉన్నన్ని దినాలు మా ఇద్దరిల ఒకలం మొయ్యాలె. అందుకే రంగు మార్చుమంటున్న."

మాటలు బందు గాకముందు ఆయన మోకాలు చెక్కుకపోతె, బాత్రూంల జారిన అంటె అజ్మతున్నీసా నమ్మి పసుపు పెట్టింది. పెట్టుకుంట, కండ్లు నెత్తికెక్కినయా అని తిట్టింది కూడ. పైసల మీద ఆశతోటి కొట్లాడుతున్నడనుకున్నది ఇన్ని దినాలు. ఆయన మీద కోపమొచ్చింది, తన మీద అంతకన్న ఎక్కువొచ్చింది.

"అమ్మా, మీరేమంటరు?" అని అడిగింది ఆఫీసరమ్మ.

లేసి నిలబడ్డది. అనుకున్న మాటల్ల ఒక్కటి కూడ రాలే. "ఆ మడి అంటె నాకు పాణం బిడ్డా, అబద్ధమెందుకు. కని ఆయన జెప్పిందే రాసుకో" అని కూసుండి కొంగుతోటి మొకం తుడుసుకున్నది.

"రాసుకుంట అమ్మా. కని మాట ఇయ్యలేను. ఇది తేలేసరికి ఏడాది పట్టొచ్చు."

బైటికొచ్చినంక ఇందిరమ్మ, "అన్న మంచిగ జెప్పిండు" అని మెచ్చుకుంట ముందుకు నడిసింది. అల్లావుద్దీన్ మెట్లు దిగేటందుకు గోడ పట్టుకున్నడు. అజ్మతున్నీసా జబ్బ పట్టి మెల్లగ దించింది. దించి, నడి రోడ్డు మీదనే అందుకున్నది.

"ఏ పచ్చనో ఏడాది దాకా వాళ్లనే తేల్చుకోనియ్యి ఫైజల్ అబ్బా. రేపటిసంది మార్కెట్‌కు నేను పోత. నువ్వు మూట దిక్కు జూసినవో, ఉన్న కాళ్లు ఇరగ్గొడ్త!"

అల్లావుద్దీన్‌కు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

"జూసినవా? గిందుకే జెప్పలే" అన్నడు.