పుచ్చుపన్ను లేని బడి

ఖానాపూర్ దగ్గర మా ఊరి బడికి తనిఖీ అంటే పెండ్లి హడావుడే. ఎవరైనా వస్తున్నారని తెలిస్తే చాలు, హెడ్మాస్టరు రాజేశం సారు గోడలకు సున్నం వేయిస్తారు, విరిగిన బెంచీలను వంటగది వెనక దాచిస్తారు. మనిషి చెడ్డవారు కాదు. బడికి మాట రాకూడదు, అంతే.

ఈసారి వస్తున్నది పండ్ల డాక్టరు. సారు ముందురోజే పిల్లలందరి చేతా నోళ్లు తెరిపించి చూశారు. నల్లబడ్డ పండ్లున్న ఆరుగురిని మర్నాడు బడికి రావద్దన్నారు. ఆయన దృష్టిలో వాళ్లూ విరిగిన బెంచీలే.

ఐదుగురు ఎగిరి గంతేశారు. రెండో తరగతి అమూల్య మాత్రం ఏడ్చింది. చల్లనీళ్లు తగిలితే చిట్టచివరి దవడపన్ను జివ్వుమంటోంది, డాక్టరు కోసమే ఆ పిల్ల ఎదురుచూస్తోంది. నాయనమ్మ దుర్గవ్వ వచ్చి అడిగితే, పాలపన్నే కదా, ఊడి మళ్లీ వస్తుందని సారు సర్దిచెప్పారు. దుర్గవ్వ నమ్మింది. చదువుకున్నాయన మాట మరి.

డాక్టరు వచ్చాడు. ఎంత వెతికినా ఒక్క పుచ్చుపన్ను దొరకలేదు. తెగ మురిసిపోయి పిల్లలతో ఫొటో దిగాడు. పళ్లు తోముకునే పద్ధతి చూపించి, ఇంకో సంగతీ చెప్పాడు. ఆరేళ్లప్పుడు అన్నిటికన్నా వెనక వచ్చే దవడపన్ను పాలపన్ను కాదు, పోతే మళ్లీ రాదు. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే పూడిస్తే నిలుస్తుంది. అందుకే పుచ్చుపండ్లు దొరికిన బళ్లకు సోమవారం వైద్యం చేసే బండిని పంపుతున్నారట.

ఆ మాటలు వినవలసిన ఆరుగురూ ఇండ్లలో ఉన్నారు. సారు విన్నారు. నోరు తెరవబోయి, డాక్టరు మెచ్చుకోలు మొదలుపెట్టేసరికి మూసుకున్నారు. సాయంత్రం ఆ ఫొటోను 'పుచ్చుపన్ను లేని బడి' అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ దండాలు, పూలగుత్తులు పంపారు.

సోమవారం బండి పక్క ఊరి బడిదాకా వచ్చి, అటునుంచి అటే వెళ్లిపోయింది. అమూల్యకు అప్పటికే చెంప వాచింది. బండి వస్తుందని ఎవరో చెప్పగా దుర్గవ్వ మనవరాలిని వెంటబెట్టుకుని బడికొచ్చి, పొద్దు వాలేదాకా వరండాలో కూర్చుంది. చివరికి సారే బయటికి వచ్చారు. ఆయనకు సిగ్గుగానే ఉంది, కానీ పేరు పోవడం అంతకన్నా కష్టం.

"బండి మన బడికి రాదవ్వా. మన పిల్లల పండ్లన్ని మంచిగున్నయని రాసుకపోయిండ్రు."

దుర్గవ్వకు కోపం రాలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

"మరి గీ పిల్ల మన బడిది కాదా సారూ?"